గది అందరిదీ, మరి పేరు?

కృష్ణారెడ్డి అంటే మనలో ఒక్కొక్కరికి ఒక్కో కృష్ణారెడ్డి గుర్తుకొస్తాడు. మా ఇంజనీరింగ్ క్లాసులోనే ముగ్గురుండేవారు. పొడుగు కృష్ణారెడ్డి, కళ్ళజోడు కృష్ణారెడ్డి, ఉత్త కృష్ణారెడ్డి. నేను చెప్పబోయే కృష్ణారెడ్డిగారు 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి, 2018 ఆగస్టులో న్యూయార్క్‌లో తొంభై మూడేళ్ళ వయసులో పోయారు. లోహపు రేకు మీద చెక్కి, సిరా పూసి, ప్రెస్సులో పెట్టి కాగితం మీదికి బొమ్మ తియ్యడం ఆయన పని. అలాంటి పని చేసేవాళ్ళలో ఆయన పేరు వినని వాళ్ళు ఏ దేశంలోనైనా తక్కువ. మన సంఘాల సభల్లో వేదికలెక్కి మాట్లాడేవాళ్ళలో ఆయన పేరు విన్నవాళ్ళు అంతకంటే తక్కువ. 1972లో పద్మశ్రీ వచ్చిన మనిషి సంగతి ఇది.

ఆయన్ని పరిచయం చెయ్యడం ఒక్కటే నా ఉద్దేశం కాదు. ఆయన పని గురించి తెలుసుకుంటూ పోతే నన్ను ఒక ప్రశ్న పట్టుకుంది. నలుగురూ కలిసి పనిచేసే గదిలో ఒక కొత్త సంగతి బయటపడితే అది ఎవరి సొత్తు? అది తెలిసినవాడు తెలియనివాడికి ఎంతవరకు చెప్పాలి? చెబితే తన పొట్ట మీదికే వస్తుందనుకుంటే?

ముందు మనిషి గురించి నాలుగు ముక్కలు. 1940లలో శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకున్నారు. క్విట్ ఇండియా రోజులు, ఆ వెంటనే 1943 బెంగాల్ కరువు. ఆ తరం బొమ్మలు నేర్చుకున్నది అలాంటి ఏళ్ళలో. తర్వాత మద్రాసు కళాక్షేత్రలో చిత్రకళ విభాగం చూశారు. 1950ల మొదట్లో లండన్ స్లేడ్ స్కూలు, అక్కణ్ణుంచి పారిస్. పారిస్‌లో శిల్పి ఒసిప్ జాడ్‌కిన్ దగ్గర పనిచేశారు. అంటే ఆయన చెయ్యి మొదట శిల్పి చెయ్యి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది. 1976లో న్యూయార్క్ వచ్చి, న్యూయార్క్ యూనివర్సిటీలో ప్రింట్‌మేకింగ్ విభాగానికి పెద్దగా ఉన్నారు. మిగతా జీవితమంతా ఆ ఊళ్ళోనే.

కానీ అసలు కథ జరిగింది పారిస్‌లో, ‘అతెలియే 17’ అనే వర్క్‌షాపులో. దాన్ని నడిపిన స్టాన్లీ విలియం హేటర్ కూడా వలసవాడే. లండన్‌లో పుట్టి, కెమిస్ట్రీ, జియాలజీ చదివి, చమురు కంపెనీ ఉద్యోగం మీద ఇరాన్‌లోని అబదాన్‌లో కొన్నేళ్ళు పనిచేసినవాడు. అంటే మన గల్ఫ్ మిత్రులకి సీనియరన్నమాట. ఆ ఉద్యోగం వదిలి 1926లో పారిస్ చేరి, మరుసటేడే వర్క్‌షాపు పెట్టాడు. యుద్ధం వచ్చినప్పుడు దాన్ని న్యూయార్క్‌కి మార్చాడు, 1950లో మళ్ళీ పారిస్ తీసుకెళ్ళాడు. పికాసో, మీరో లాంటివాళ్ళు అక్కడ పనిచేశారు. న్యూయార్క్‌లో ఉన్నప్పుడు జాక్సన్ పొలాక్ కూడా. అది బడి కాదు. సిలబస్, సర్టిఫికెట్ లాంటివి లేవు. పేరున్నవాడూ, నిన్న రైలు దిగినవాడూ ఒకే ప్రెస్సు దగ్గర తమ వంతు కోసం నిలబడే గది. ఒకరి రేకు మీద జరిగినది పక్కవాళ్ళకి కనపడుతుంది. దాచుకోవాలన్నా చోటుండదు.

ఆ గదిలో బయటపడిన సంగతి ఇది. అంతవరకు లోహపు రేకు మీంచి రంగుల బొమ్మ తియ్యాలంటే మామూలు పద్ధతి రంగుకో రేకు. నాలుగు రంగులైతే నాలుగు రేకులు, ఒకే కాగితాన్ని నాలుగుసార్లు ప్రెస్సులో పెట్టాలి. వెంట్రుకవాసి పక్కకి జరిగినా బొమ్మ పాడు. కొత్త పద్ధతిలో రేకు ఒకటే, ప్రెస్సులోకి పోవడం ఒకటేసారి, రంగులు మాత్రం అనేకం. ఎలాగంటే, రేకుని ఆసిడ్‌తోనూ చేతి పనిముట్లతోనూ రకరకాల లోతులకి తొలుస్తారు. అది చదునుగా ఉండదు. చేత్తో తడిమితే గుట్టలూ మిట్టలూ పల్లాలూ తగులుతాయి. ఇక్కడే శిల్పి చెయ్యి పనికొచ్చింది. కృష్ణారెడ్డిగారి రేకులు విడిగా చూస్తే అవే లోహశిల్పాల్లా ఉంటాయి.

ముందు ఒక సిరాని బాగా లోతు గీతల్లోకి దట్టించి, పైన తుడిచేస్తారు. తర్వాత అవిసె నూనె బాగా కలిపి పల్చబరిచిన సిరాని గట్టి రోలర్‌తో పూస్తారు. గట్టి రోలర్ వంగదు కాబట్టి అది గుట్టల నెత్తిన మాత్రమే అంటుతుంది. ఆ పైన మెత్తటి రోలర్‌తో చిక్కటి సిరా. మెత్తటి రోలర్ పల్లాల్లోకి కూడా దిగుతుంది. మరి గుట్టల మీద మొదటి రంగుతో కలిసిపోదా? కలవదు. నూనె ఎక్కువున్న సిరా చిక్కటి సిరాని దగ్గరికి రానివ్వదు. మీ వంటింట్లో చూసే ఉంటారు. పెనం మీద నూనె ఎక్కువైతే దోసె పిండి పరుచుకోదు, గరిటెతో పాటే లేచి వస్తుంది. అదే సంగతి. ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి, ఏ రంగు చోటులో ఆ రంగు నిలుస్తుంది. తడిపిన కాగితం పరిచి ఒక్కసారి ప్రెస్సు తిప్పితే అన్నీ ఒకేసారి దిగుతాయి.

చెప్పడానికి మూడు వాక్యాలు. చెయ్యడానికి నూనె పాళ్ళు, రోలర్ మెత్తదనం, చేతి బరువు, రేకు లోతు, ఏ సిరా ముందు ఏది వెనక అన్న వరస, ఇన్నిటి లెక్క కుదరాలి. ఏ ఒక్కటి మారినా వేరే బొమ్మ వస్తుంది. 1960లలో ఆయన చేసిన ‘సుడిగుండం’లో నీలాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ తిరుగుతున్నట్టుంటాయి. 1968లో పారిస్ విద్యార్థుల తిరుగుబాటు చూసి చేసిన ‘ప్రదర్శకులు’లో మనుషులు నిలువుగా, ఒకరినొకరు ఆనుకుని, మొహాలు తెలియకుండా ఉంటారు. ఎవరు ముందు, ఎవరు వెనక అని చెప్పలేం.

సరే, ఈ పద్ధతి ఎవరు కనిపెట్టారు? కొన్ని పుస్తకాల్లో హేటర్ పేరుంటుంది. వర్క్‌షాపు ఆయనది, ఒకే రేకు మీంచి అనేక రంగులు తియ్యాలన్న ప్రయత్నం ఆయన ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నదే. కొన్నిటిలో కృష్ణారెడ్డి పేరుంటుంది. కొన్నిటిలో ఆయనతో పాటు బొంబాయి నుంచి వచ్చిన కైకో మోటీ పేరు. జాగ్రత్తగా రాసేవాళ్ళు మూడు పేర్లూ కలిపి రాస్తారు. మనవాళ్ళు రాస్తే మాత్రం ఒక్కటే పేరు, ‘ప్రపంచానికి రంగుల ముద్రణ నేర్పిన తెలుగువాడు’ అన్న ధోరణిలో.

నాకు ఈ ‘మనవాడు’ అనే మాటతో పెద్ద పేచీ లేదు. పరాయి దేశంలో మ్యూజియం గోడ మీద రెడ్డి అనే అక్షరాలు కనపడితే ఛాతీ కొంచెం పొంగడం సహజం. 2016, 17లలో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో హేటర్, కృష్ణారెడ్డి, జరీనా హష్మీ ముగ్గురి పనీ కలిపి ఒక ప్రదర్శన పెట్టినప్పుడు నాకూ పొంగింది. కానీ ఆ ప్రదర్శన పేరులో మొదటి మాట ‘వర్క్‌షాపు’. ఆ ముగ్గుర్నీ కలిపింది దేశం కాదు, భాష కాదు, ఆ గది. అందులోంచి ఒక పేరు మాత్రం కత్తిరించి తెచ్చుకుని దండ వేస్తే, మనం ఆయనకి చేస్తున్నది గౌరవమేనా అని అనుమానం.

అలాగని ‘గది అందరిదీ కాబట్టి పేర్లెందుకు’ అనేవాళ్ళతోనూ నేను ఒప్పుకోను. ఆ మాట ఎవరు అంటున్నారన్నది చూడాలి. చేసినవాడే ‘ఇది నా ఒక్కడిదీ కాదు’ అంటే అది పెద్దమనసు. పక్కవాడు వచ్చి ‘ఇది నీ ఒక్కడిదీ కాదులే’ అంటే అది ఇంకొకటి. వదులుకోవడానికీ లాక్కోవడానికీ తేడా ఉంది. ఆఫీసుల్లో ఈ తేడా రోజూ చూస్తాం. రాత్రంతా కూర్చుని బగ్ పట్టుకున్నవాడు ‘మా టీమ్ పట్టుకుంది’ అంటాడు. పొద్దున మీటింగులో స్లైడ్ మీద మాత్రం టీమ్ ఉండదు, మేనేజరు పేరుంటుంది. బయటి దేశాల నుంచి వచ్చిన కళాకారుల విషయంలో ఇది ఇంకాస్త సులువు. గురువు తెల్లవాడు, శిష్యుడు ఎక్కణ్ణుంచో వచ్చినవాడు అయితే, కనిపెట్టింది గురువనీ చెయ్యి సాయం శిష్యుడిదనీ చదివేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే అనేసుకుంటారు. కైకో మోటీ పేరు చాలాచోట్ల అలాగే జారిపోయింది. మనవాళ్ళు రాసినచోట కూడా జారిపోయిందనేదే నా బాధ.

ఇక రెండో ప్రశ్న, చెప్పడం గురించి. ఈ పద్ధతి కృష్ణారెడ్డిగారు దాచుకోలేదు. పారిస్‌లో కొన్నేళ్ళకి ఆ వర్క్‌షాపుకి హేటర్‌తో పాటు సహ నిర్వాహకులయ్యారు. వచ్చినవాళ్ళకల్లా నేర్పారు. అమెరికాలో నేర్పారు. 1988లో సిరాలు, రోలర్లు, రేకులతో సహా మొత్తం పని తీరుని విడమరిచి పుస్తకం వేశారు. ఇవాళ ఇండియాలో ఆర్ట్ కాలేజీల్లో ప్రింట్‌మేకింగ్ చదివే పిల్లలకి ఇది పాఠం.

మనం పెరిగిన వాతావరణం దీనికి పూర్తిగా విరుద్ధం. మా అమ్మమ్మగారి ఊళ్ళో పచ్చకామెర్లకి పసరు పోసే ఇల్లు ఒకటుండేది. ఏ ఆకో చెప్పరు. చెబితే మందు పనిచెయ్యదంటారు. ఆ ఇంటి పెద్దాయన కొడుకులకి కూడా చెప్పకుండానే పోయాడు. ఆ మందు నిజంగా పనిచేసేదా లేదా అన్నది వేరే సంగతి, ఇప్పుడు తేల్చుకోవడానికి కూడా లేదు. కృష్ణారెడ్డిగారు పుట్టిన చిత్తూరు జిల్లాలోనే అప్పట్లో శ్రీకాళహస్తి ఉండేది. కలంకారీ పనివాళ్ళు గుడ్డని కరక్కాయ కషాయంలో, పాలలో నానబెడతారు, వేసిన గీత అలుక్కుపోకుండా. అక్కడా ఇక్కడా కొవ్వూ నూనెలతో రంగుని అదుపులో పెట్టడమే విద్య. అదీ ఇళ్ళల్లో తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన విద్యే. ఇళ్ళ సంఖ్య తగ్గేకొద్దీ విద్య కూడా తగ్గిపోతుంటే, దాన్ని నిలబెట్టడానికి బయటివాళ్ళకి నేర్పే శిక్షణ కేంద్రం పెట్టాల్సి వచ్చింది.

కాబట్టి చెప్పేవాడు గొప్ప, దాచేవాడు తక్కువ అని తేల్చేసి ముగించొచ్చు. నాకలా ముగించబుద్ధి కావడం లేదు. కారణం నా వృత్తి.

2006లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి నన్ను కాంట్రాక్టు మీద పంపారు. పేరు అనవసరం. అక్కడ పాతికేళ్ళ నాటి మెయిన్‌ఫ్రేమ్ సిస్టమ్ ఒకటి. దాన్ని నడిపే ఇద్దరి ఉద్యోగాలు పోతున్నాయి, పని మా కంపెనీకి వస్తోంది. పోయేముందు ఆరు వారాలు వాళ్ళు మాకు ‘నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్’ ఇవ్వాలి. ఇస్తేనే చివర్లో వాళ్ళకి రావలసిన డబ్బు వస్తుంది. ఐటీలో ఉన్నవాళ్ళకి కేటీ అనే ఈ రెండక్షరాలు విడమరిచి చెప్పక్కర్లేదు.

అరవైకి దగ్గరపడిన ఒకావిడ ఉండేది. ఆవిడ అన్నీ చెప్పింది. డాక్యుమెంట్లలో ఉన్నవి కాదు, లేనివి. నెలాఖరు శుక్రవారం వస్తే ఏ జాబ్ ముందు నడపకూడదో, ఫలానా ఫైలు పెరిగితే ఎక్కడ పగులుతుందో, రాత్రి రెండింటికి ఫోనొస్తే మొదట ఏం చూడాలో. ఇంకొకాయన అడిగినదానికే జవాబు చెప్పేవాడు. అడగడానికి ఏముందో మాకు తెలియదు కాబట్టి ఆయన దగ్గర మాకు దొరికింది తక్కువ. ఆయన ఒక్క అబద్ధం చెప్పలేదు, ఒక్క నియమం తప్పలేదు. పసరు పోసే పెద్దాయనే, మెడలో ఐడీ కార్డుతో.

మా వాళ్ళు ఆయన్ని తిట్టుకునేవారు. నాకు ఆయన తప్పు ఏమిటో ఇవాళ్టికీ చెప్పడం చేతకాదు. ఇరవై ఏళ్ళ రాత్రిళ్ళు పోసి కూడబెట్టుకున్నది, మిమ్మల్ని బయటికి పంపుతున్నాం, వెళ్తూ వెళ్తూ వాళ్ళ చేతిలో పెట్టి వెళ్ళండి అంటే ఎవరు పెడతారు? విద్య ఇచ్చినకొద్దీ పెరుగుతుందని చిన్నప్పుడు చదువుకున్నాం. పెరిగేది విద్యేగానీ ఇచ్చినవాడి జీతం కాదు.

ఆ పారిస్ గదికీ ఈ కాన్ఫరెన్స్ రూముకీ తేడా ఏమిటని చాలా ఆలోచించాను. మొదట తట్టిన తేడా ఇది. బొమ్మ విషయంలో పద్ధతి చెప్పేసినా బొమ్మ పోదు. కృష్ణారెడ్డిగారి సిరా పాళ్ళు తెలిసినంత మాత్రాన ‘సుడిగుండం’ నేను చెయ్యలేను. చేసిన చేత్తోనే మళ్ళీ చేసినా అదే రాదు. 1980లలో ఆయన ‘గ్రేట్ క్లౌన్’ అని సర్కస్ బఫూన్ బొమ్మ చేశారు. ఒకే రేకు మీంచి రంగులు మార్చి మార్చి తీశారు. ఒకదానిలో బఫూన్ వెలుగులో మునిగిపోతుంటాడు, ఇంకొకదానిలో మంటలా లేస్తాడు. ప్రోగ్రాం అలా కాదు. కోడ్ ఎవరి చేతిలో ఉన్నా అదే జవాబు వస్తుంది, రావాలి కూడా. ఇంకో సంగతి. అంత ధారాళంగా నేర్పే ఈ కళలో కూడా రేకు మీంచి ఇన్ని ప్రతులే అని లెక్క పెట్టి, కాగితం కింది అంచున పెన్సిల్‌తో అంకె వేసి సంతకం చెయ్యడం ఆచారం. పద్ధతి అందరికీ. బొమ్మకి మాత్రం లెక్క ఉంది, యజమాని ఉన్నాడు. ఇది కపటమేమీ కాదు. దానం చేసేవాడికీ ఇంటద్దె ఉంటుంది.

కానీ అసలు తేడా ఇది కాదనిపిస్తుంది. పారిస్ గదిలో చెప్పేవాడూ నేర్చుకునేవాడూ ఒకే ప్రెస్సు దగ్గర నిలబడి ఉన్నారు. మూడోవాడు లేడు. కాన్ఫరెన్స్ రూములో మేము ఎదురెదురుగా కూర్చున్నాం గానీ, లెక్క వేసుకున్న మూడోవాడు ఆ గదిలో లేడు. మిగిలిన డబ్బు ఆవిడకి రాలేదు, నాకూ రాలేదు. ఆయన నోరు మూసుకున్నది ఆ మూడోవాడి మీద కోపంతో. తగిలింది మాకు. ఆవిడ చెప్పింది మాత్రం కంపెనీకి కాదు, ఎదురుగా కూర్చుని నోట్సు రాసుకుంటున్న పాతికేళ్ళ కుర్రాడికి. ఒకరోజు అడిగాను కూడా, మీకు కోపం రాదా అని. ‘నీ మీదెందుకు వస్తుంది? రాత్రి రెండింటికి లేవబోయేది నువ్వు’ అంది.

అయితే ఆవిడలా చెయ్యడం అందరి బాధ్యత అనగలమా? అనలేననుకుంటాను. బాధ్యత అంటే చెయ్యనివాణ్ణి తప్పుపట్టే హక్కు మనకి రావాలి. ఆయన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు, ఆయన కుర్చీలో కూర్చున్నవాణ్ణి కాబట్టి మరీ లేదు. కృష్ణారెడ్డిగారి దగ్గర నేర్చుకున్నవాళ్ళలో ఎవరైనా తాము కనిపెట్టిన పాళ్ళు దాచుకుంటే మాత్రం తప్పుపట్టొచ్చు. వాళ్ళు ఆ గదిలోంచి తీసుకుని వెళ్ళారు. తీసుకున్న గదికి తిరిగి పెట్టాలి. నా మట్టుకు నేను ఆవిడ దగ్గర తీసుకున్నాను. ఆవిడకి తిరిగిచ్చే దారి లేదు.

పదేళ్ళ తర్వాత అదే సిస్టమ్ హైదరాబాదుకి వెళ్ళింది. ఈసారి కేటీ ఇవ్వాల్సింది నేను. వీడియో కాల్‌లో నలుగురు కుర్రాళ్ళు, వాళ్ళకి రాత్రి పదకొండు. మొదటి వారం ‘సార్’ అన్నారు, మూడో వారానికి ‘అన్నా’ అయింది. ‘అన్నా, ఇది డాక్యుమెంట్‌లో లేదు కదా’ అని ఒకడు అడిగాడు. లేదు, రాసుకో అన్నాను. నెలాఖరు శుక్రవారం సంగతి అది.

ఆ ప్రోగ్రాం మొదట్లో, పాత కోబాల్ ప్రోగ్రాంలన్నిట్లో ఉన్నట్టే, ఎవరు ఎప్పుడు ఏం మార్చారన్న పట్టిక ఉంది. తేదీ, ఒక లైను వివరం, పక్కన మూడు అక్షరాలు. ఆవిడవి పద్ధెనిమిది చోట్ల ఉన్నాయి, ఆయనవి ఇరవై పైనే. నావి ఆరు. ఆ అబ్బాయి ‘ఈ పాత పేర్లన్నీ తీసేద్దామా అన్నా, క్లీన్‌గా ఉంటుంది’ అన్నాడు. ఉంచమన్నాను. కింద అతని అక్షరాలు ఎక్కడ వెయ్యాలో చూపించాను.